బడిబండికి గాలివాన బందోబస్తు

పనసపేట గ్రామ ప్రజలకు ఇందుమూలంగా తెలియజేసిందేమంటే, రానున్న చిత్త, స్వాతి కార్తెలలో గాలివాన వచ్చే సూచనలున్నందున బడిబండిని తగిన విధంగా సిద్ధం చేయాలనీ, గాలివాన వచ్చాక సిద్ధం చేస్తే అంత బాగుండదనీ బడిబండి కమిటీవారు తీర్మానించారు. ఈ సంగతి అప్పన్న డప్పు కొట్టి మూడు వీధుల్లో చాటాడు. నాలుగో వీధిలో చాటలేదు. ఆ వీధి పిల్లలు బండెక్కే పిల్లలు కారు. వాళ్లకు గాలివాన ఏ బందోబస్తూ లేకుండా మామూలుగానే వస్తుంది. అప్పన్న ఇల్లు కూడా నాలుగో వీధిలోదే కనుక, చాటి ఇంటికి వెళ్లి, తనకు తాను చాటుకోకుండా పడుకున్నాడు.

బండి సంగతి తెలియనివారి కోసం రెండు మాటలు. పనసపేట ఉద్దానంలో ఊరు. చుట్టూ కొబ్బరి, పనస, జీడిమామిడి. అటు సముద్రం, ఇటు ఇసుక. అన్నీ ఉన్నాయి, బడి తప్ప. బడి నడిమూరులో ఉంది. మధ్యలో మొగలిపొదల దారి, దాన్ని అడ్డంగా కోస్తూ సముద్రానికి పారే వాగు, ఊరివాళ్ల మాటలో గెడ్డ. పిల్లలు ఈ దారిన నడిచి వెళ్లడం చూసి మనసు కరిగిన జగదీశ్వరరావుగారు, తమ తల్లిగారి జ్ఞాపకార్థం ఒక గూడుబండి ఊరికి దానం చేశారు. నొగల మీద తల్లిగారి పేరు చెక్కించారు. ఆ తల్లి బతికి ఉండగా ఒకసారి బండికట్టించుకుని పుట్టింటికి వెళ్తానంటే ఎద్దులు ఖాళీగా లేవన్నారని ఊళ్లో చెప్పుకుంటారు. అది గిట్టనివాళ్ల మాట కావచ్చు. ఇప్పుడు మాత్రం ఆవిడ పేరు రోజూ నడిమూరు వెళ్లి వస్తోంది.

చాటింపు వినిపించినప్పుడు పోలారావు కొబ్బరిచెట్టు మీద ఉన్నాడు. వింటూనే గెల కోయడం ఆపాడు. అతనికి బండి అవసరం అందరికంటే ఎక్కువ. బండెక్కే పిల్లల్లో ఆడపిల్ల ఒక్కతే ఉంది, కృష్ణవేణి. అది అతని కూతురు. ఆ పిల్ల చదువు ఆ బండి ఇరుసు మీద ఆనుకుని ఉంది. అలా ఆనించినది పోలారావు తల్లి సూరమ్మ.

"గుంట బండితో ఎల్తే సదువుకోడానికి ఎల్నాదంటారు. ఒంటిగా నడిసెల్తే తిరగడానికి ఎల్నాదంటారు," అని ఆవిడ మొదటిరోజే గడపలో కూర్చుని తేల్చేసింది. "బండి బడికెల్లినన్నాళ్లే గుంట ఎల్లాల. ఒక్క పూట బండి కదల్నేదో, ఆ పూటతోనే సదువు సరి. ఇంటన్నావా?"

"ఇంటన్నానే," అన్నాడు పోలారావు.

ఆవిడ చెప్పని మాట ఇంకొకటుంది. ఆవిడ చెల్లెలు చిన్నతల్లి పదేళ్ల వయసులో ఆవు వెనకాల ఆ గెడ్డలో దిగి మళ్లీ గట్టెక్కలేదు. ఆ పేరు ఆ ఇంట్లో ఎవరూ ఎత్తరు. పరువు గురించి మాత్రం రోజూ మాట్లాడుకుంటారు. అది మాట్లాడుకోవడానికి సుఖంగా ఉంటుంది.

కమిటీ సమావేశం కొబ్బరికాయలు ఆరబెట్టే కళ్లంలో జరిగింది. జగదీశ్వరరావుగారు అధ్యక్షులు. నడిమూరు బడి పంతులు ఢిల్లేశ్వరరావు కార్యదర్శి. తక్కినవారు చేతులెత్తే సభ్యులు. అధ్యక్షులవారు లేచి కండువా సర్దుకుని ఇలా సెలవిచ్చారు:

"మహాజనులారా, గాలి అనేది కంటికి కనిపించని శత్రువు. కనిపించే శత్రువైతే ఈపాటికి టెక్కలి కోర్టుకి ఈడ్చి ఉండేవాణ్ని. దీనిమీద సమను జారీ చేయడానికి వీలు లేదు. కాబట్టి దీన్ని బరువుతో ఎదుర్కోవాలి. మన తాతలు ఇళ్లను ఎలా నిలబెట్టారో, మనం బండిని అలాగే నిలబెట్టాలి."

తాతలు ఇళ్లను నిలబెట్టిన తీరు ఉద్దానంలో పసిపిల్లకు కూడా తెలుసు. గాలివాన వస్తుందనగానే తాటాకు కప్పు మీద రాళ్లూ, మొద్దులూ, అరిగిపోయిన రుబ్బురోళ్లూ ఎక్కించి, కొబ్బరితాళ్లతో కప్పుని చెట్లకు కట్టేస్తారు. ఇల్లు కదలదు. బండినీ అలాగే కదలకుండా చేస్తే గాలివాన దాన్ని ఏం చేయగలదని అధ్యక్షులవారు అడిగితే, అందరూ తలలూపారు. ఇల్లు రోజూ నడిమూరు వెళ్లి రానక్కర్లేదన్న సంగతి పోలారావుకి తట్టింది. కానీ అప్పటికే చేతులు లేవడం మొదలయింది. మాట్లాడటం కంటే చెయ్యెత్తడం తేలికని అతను చిన్నప్పుడే కనిపెట్టాడు. ఎత్తాడు.

ఊరుమ్మడి వస్తువుకి ఇంటికొక వంతు పడాలన్నది పనసపేట ఆచారం. వంతు వేయని ఇల్లు ఊళ్లో లేనట్టే లెక్క. వేసిన వంతు ఎవరైనా తీసేస్తే ఆ ఇంటిని వెలివేసినట్టే లెక్క. ఈ ఆచారం ప్రకారం ఇంటికొక రాయి, ఇంటికొక తాడు చొప్పున బండికి సమర్పించవలసిందని తీర్మానమయింది. ఎవరింట్లోనూ విడిగా బరువైన రాయీ, గట్టి తాడూ వేరే ఉండవు కనుక, తమ తమ కప్పులకోసం ఉంచుకున్నవే తెచ్చారు. పోలారావు తమ ఇంటి రుబ్బురోలు భుజానికెత్తుకుంటుంటే సూరమ్మ అడ్డం వచ్చింది.

"మన కప్పు మీద రాయి బండి మీదకెల్తే, మన కప్పు మీద ఏటుంటాదిరా?"

"ఆకాశముంటాది."

"మాటలు మా బాగా వొత్తన్నాయిరా నీకు. ఆ మాటలేటో ఆ కళ్లంలో సెప్పొచ్చు కదా."

పోలారావు రోలు భుజాన సర్దుకుని బయటికి నడిచాడు. ఈ మనిషి మాటలన్నీ ఇంట్లోనే అయిపోతాయని ఊళ్లో పేరు.

రాళ్లు ఎక్కించడం మర్యాదగా జరిగింది. చిన్న ఇళ్ల రాళ్లన్నీ అడుగున పరిచాక పెద్దల వంతు వచ్చింది. ముందు అధ్యక్షులవారి రాయి. అది వారి పాత మేడ పునాదిలోది, నలుగురు మోశారు. తరవాత వారి అన్నదమ్ములవి. తరవాత వియ్యంకులవి. మగపెళ్లివారి రాయి కింద, ఆడపెళ్లివారి రాయి మీద పడిందని ఒక తగువు వచ్చి, రెండు రాళ్లూ దింపి, పక్కపక్కన పెట్టి, ఎందుకైనా మంచిదని రెండువైపులా మరొక్కో రాయి ఎక్కువ పెట్టి శాంతింపజేశారు. గూడు వంగిపోతే కింద తాటిదూలాలు పోటు పెట్టారు. దూలాలు కూడా బరువే కాబట్టి ఆ మేరకు బందోబస్తు ఇంకా పెరిగిందని ఢిల్లేశ్వరరావు పంతులు సంతోషించారు. పడవకి లంగరు ఉన్నప్పుడు బండికి ఎందుకు ఉండకూడదని ఒక సభ్యుడు అడిగాడు. ఎందుకు ఉండకూడదో ఎవరూ చెప్పలేకపోవడంతో డొంకూరు నుంచి పాత లంగరు ఒకటి తెప్పించి వెనక వేలాడదీశారు. బండి తోలే సన్యాసయ్యకి లంగరు దింపే అధికారం, దానితోబాటు ఎర్ర తలపాగా ఇచ్చారు. సన్యాసయ్య ఆ తలపాగాతో ఇంటికి వెళ్తే పెళ్లాం ముందు గుర్తుపట్టలేదు. తరవాత గుర్తుపట్టి లోపలికి వెళ్లిపోయింది.

ఏర్పాట్లు సరిగా ఉన్నాయో లేదో చూడాలి. గాలివాన ఇంకా రాలేదు. రానిదాని కోసం పని ఆపుకోవడం కమిటీకి ఇష్టం లేదు. ఒక మంచిరోజు చూసి, ఎండ ఫెళ్లున కాస్తుండగా, గాలివాన పెట్టించారు. ఆడవాళ్లు చేటలతో విసిరారు. కొందరు కుండలతో నీళ్లు కుమ్మరించారు. పిల్లల్ని బారుగా నిలబెట్టి నోటితో ఊదమన్నారు. బండి చెక్కుచెదరలేదు. ఎద్దులు నెమరువేస్తూ నిద్రపోయాయి. ఇంత గట్టిగా ఊదినా కదల్లేదంటే ఇంక ఏ గాలికీ కదలదని అధ్యక్షులవారు ప్రకటించారు. అందరూ చప్పట్లు కొట్టారు. ఊది ఊది కళ్లు తిరిగిన ఇద్దరు పిల్లల్ని నీడకి తీసుకెళ్లారు.

మర్నాడు ఉదయం పోలారావు కూతుర్ని తీసుకుని వచ్చేసరికి, సన్యాసయ్య ఎద్దుల్ని కాడికి కట్టి, అదిలించి, తోకలు మెలిపెట్టి, తిట్టవలసిన తిట్లన్నీ తిట్టి, తలపాగా తీసి తల గోక్కుంటున్నాడు.

"ఏటి బావా?" అన్నాడు పోలారావు.

"ఊదితే కదల్నేదు కదా బావా. లాగితే కూడా కదల్నేదు. బందోబస్తు మా గట్టిది."

పోలారావు వెనక్కి చూశాడు. వీధి చివర గడపలో సూరమ్మ కూర్చుని ఉంది. ఆవిడ చూపు బండి చక్రం మీద ఉంది.

"రెండు రాళ్లు దింపేద్దాం," అన్నాడు.

"ఎవులివి?"

 ఎవరి రాయి దింపినా ఆ ఇంటితో ఆ పూటనుంచి మాటలుండవు. తన రాయి దించుకుందామంటే అది అట్టడుగున ఉంది. పైన ఊరంతా ఉంది.

కమిటీ కళ్లంలో అత్యవసరంగా సమావేశమయింది. బండి మీద ఉన్నవి ఒక్కొక్కటే పరిశీలించారు. రాళ్లు గాలివాన కోసం. తాళ్లు గాలివాన కోసం. దూలాలు రాళ్ల కోసం. లంగరు లంగరు కోసం. బందోబస్తుకి ఏ విధంగానూ పనికిరాని సామాను బండిలో ఏముందా అని చూస్తే, పిల్లలు కనిపించారు. వారిని దింపివేయవలసిందని తీర్మానమయింది. "బండి వెనక నడిస్తే అది నడక కింద రాదు, బండితో వెళ్లినట్టే భావించవలెను" అని పంతులు ఒక సవరణ కూడా చేర్చారు. అందరూ చేతులెత్తారు. ఈసారి పోలారావు కొంచెం ఉత్సాహంగానే ఎత్తాడు. సూరమ్మ షరతు బండి బడికి వెళ్లాలనే కాని, బండిలో ఎవరుండాలని కాదు.

అప్పటినుంచి పనసపేట బడిబండి రోజూ ఈ విధంగా నడిచింది. ముందు ఎద్దులు. వెనక చక్రానికి భుజం పెట్టి పోలారావు. అతని పక్కన పిల్లలు, పుస్తకాలు చంకల్లో పెట్టుకుని, గూటికి చేతులానించి తోస్తూ. పైన సన్యాసయ్య ఎర్ర తలపాగాతో. ఇసుకలో చక్రం దిగబడిన చోట తోటలోంచి నలుగురు వచ్చి చెయ్యి వేసేవారు. గెడ్డ దగ్గర ఎనిమిదిమంది కావలసి వచ్చేది. పోలారావు తోటలో కాయలు చెట్టుమీదే ముదిరిపోయాయి. కానీ సూరమ్మ గడపలో కూర్చుని చూసేసరికి బండి వెళ్తోంది. అంతే కావాలి.

"అయ్యా," అంది కృష్ణవేణి ఒకరోజు, చెమట తుడుచుకుంటూ, "బండికి ఇంకెన్ని తరగతులున్నాయి?"

"ఏం?"

"అది పాసయిపోతే మనం ఎల్లొచ్చు కదా."

పోలారావు నవ్వు ఆపుకోవడానికి చక్రాన్ని ఇంకొంచెం గట్టిగా తోశాడు. పైనుంచి సన్యాసయ్య అన్నాడు, "బావా, నీ కూతురికి నోరు నీది కాదు, మీ అమ్మది."

బడికి వెళ్లేసరికి పిల్లలు అలిసిపోయి నిద్రపోయేవారు. పనసపేట పిల్లలంత నెమ్మదస్తులు తాలూకా మొత్తంలో లేరని పంతులు పైకి రాశారు. పైవారు వచ్చి చూశారు. పిల్లలు పెట్టెల్లో వక్కల్లా ఒకరి మీద ఒకరు ఒరిగి ఉన్నారు. బయట రాళ్లగుట్టలా బండి. అధికారిగారు బండి చుట్టూ తిరిగి, గాలివానకి ఇంత ముందుచూపుతో సిద్ధమైన ఊరు తాము చూడలేదని మెచ్చుకుని, తమ బండెక్కి పలాస స్టేషనుకు వెళ్లిపోయారు. వారి బండి మీద రాళ్లు లేవు. పాపం వారికి ఎవరూ చెప్పలేదు కాబోలు.

గాలివాన స్వాతి కార్తెలో వచ్చింది. తెల్లవారుజామునే సముద్రం హోరు మారింది. రోజూ ఊపిరి తీసినట్టు వచ్చే హోరు ఆ రోజు ఎక్కడా ఆగకుండా ఒకే బారున వచ్చింది. బండి నడిమూరు చేరే వేళకి కొబ్బరిమట్టలన్నీ ఒకేవైపు తిరిగాయి. బారువ రేవులో తుపాను గుర్తు ఎగరేశారన్న కబురు మధ్యాహ్నానికి పనసపేట చేరింది. జగదీశ్వరరావుగారు వెంటనే అప్పన్నని నడిమూరు పంపారు. గాలివాన వచ్చిందంటే బండి ఎక్కడ ఉన్నా అక్కడే చెట్లకి కట్టివేయవలెనన్నది తీర్మానం.

అప్పన్న బడి ముందు డప్పు కొట్టేసరికి వాన ఇంకా మొదలవలేదు. గాలి తెరలు తెరలుగా వచ్చి పోతోంది. ఆ సమయంలో బయలుదేరితే పిల్లలు నడుచుకుంటూ ఎవరిళ్లకి వాళ్లు చేరి, వేడివేడిగా గంజి తాగి, కిటికీలోంచి గాలివాన చూసేవారు. కానీ బండిని అలా వదిలి వెళ్లడం ఎలా? పిల్లలు తాళ్లు అందించారు. పోలారావు చెట్లెక్కి కట్టాడు. పంతులు ఏ తాడు ఏ ఇంటిదో చదువుతూ, ఏ ఇంటి తాడూ వదిలిపోకుండా చూశారు. సన్యాసయ్య ఎద్దుల్ని విప్పి వదిలేసి, లంగరు ఇసుకలో పాతాడు. ఎద్దులు కమిటీ సభ్యులు కావు. విప్పగానే వెనక్కి తిరిగి చూడకుండా పనసపేట వెళ్లిపోయాయి. ఆఖరి ముడి వేస్తుండగా వాన దిగింది. మంచి సమయంలో ముగించామని పంతులు అన్నారు.

ఆ తరవాత బడి కప్పు లేచింది. ఒకవైపు లేచి, మళ్లీ కూర్చుని, మళ్లీ లేచి, ఈసారి కూర్చోకుండా వెళ్లిపోయింది. పిల్లలు బయటికి పరుగెత్తి బండి కిందకి దూరబోయారు. పంతులు చేతులు అడ్డం పెట్టారు. గాలివాన సమయంలో బండిలోగాని, బండి కిందగాని, బండికి దగ్గరలోగాని ఎవరూ ఉండరాదు. రాళ్లు పడే ప్రమాదం ఉంది. ఇది కూడా తీర్మానమే. నిజానికి ఆ తీర్మానం ఒక్కటే తెలివైనది. పంతులు ఆ మాట చెప్తుండగానే వియ్యంకుల రాయి ఒకటి దొర్లి ఆయన నిలబడిన చోటికి జానెడు దూరంలో దిగబడింది.

నడిమూరు ఇళ్లు ఒక్కొక్కటే బోర్లా పడుతున్నాయి. పిల్లలు పోలారావు చుట్టూ మూగారు. కృష్ణవేణి అతని పంచె కొస రెండు చేతులతో పట్టుకుంది. అతను బండి వైపు చూశాడు. ఊళ్లోని తాళ్లన్నీ దానికున్నాయి. వెళ్లి ఒక ముడి మీద చెయ్యి వేశాడు.

"బావా," అన్నాడు సన్యాసయ్య గాలిలో అరుస్తూ. "అది కమిటీ తాడు."

"తెలుసు."

"విప్పితే బండేటయిపోద్ది?"

"బండికి సాలా తాళ్లున్నాయి బావా. గుంటలకి ఒకటీ నేదు."

ముడి విప్పాడు. అది తన ఇంటి తాడో, ఎవరింటిదో చూడలేదు. ఆ తాడు పిల్లల నడుములకి వరసగా చుట్టాడు. ముందు తను, వెనక అప్పన్న, మధ్యలో సన్యాసయ్య. చిట్టచివర పంతులు, పద్యం చదువుతూ. ఏ పద్యమో గాలిలో వినపడలేదు. మొగలిపొదల్ని పట్టుకుని, ఇసుకలో పాకి, పడిన చెట్ల మీదుగా ఎక్కి దిగి గెడ్డ దగ్గరికొచ్చారు. గెడ్డ ఎర్రగా ఉరుకుతోంది.

పోలారావు నీళ్ల ఉరవడి చూశాడు. తరవాత పిల్లల నడుముల నుంచి తాడు విప్పి, ఒక కొస ఈ గట్టు మీద తాటిచెట్టుకి కట్టి, రెండో కొస పళ్లతో పట్టుకుని నీళ్లలో దిగాడు. అవతలి గట్టు మీద లేచేసరికి చాలా కిందికి కొట్టుకుపోయి ఉన్నాడు. తాడు అక్కడి చెట్టుకి బిగించాడు. మళ్లీ ఇటు వచ్చి, ఒక్కొక్క పిల్లని వీపు మీద వేసుకుని, తాడు పట్టుకుని దాటించాడు. సన్యాసయ్య కూడా మోశాడు. అప్పన్న కూడా మోశాడు. అప్పన్న వీపు మీద అధ్యక్షులవారి తమ్ముడి కొడుకు ఉన్నాడు. వాడు అప్పన్న మెడ ఎంత గట్టిగా వాటేసుకున్నాడంటే, దిగమన్నా దిగలేదు. చివరికి పంతులు ఈ గట్టు ముడి విప్పి తన నడుముకి చుట్టుకుంటే అందరూ కలిసి ఆయన్ని చేపని లాగినట్టు లాగారు. ఎర్ర తలపాగా ఒక్కటి సముద్రానికి వెళ్లిపోయింది.

పనసపేటలో పోలారావు ఇంటికి కప్పు లేదు. అన్నట్టుగానే అక్కడ ఆకాశముంది. మూడు వీధుల్లోనూ అదే తీరు. రాళ్లూ తాళ్లూ లేని కప్పులు గాలికి విస్తళ్లలా లేచిపోయాయి. జగదీశ్వరరావుగారి పెంకుల మేడ మాత్రం నిలబడింది. దాని తలుపులు లోపల గడియపెట్టి ఉన్నాయి. గాలి హోరులో తలుపు కొడుతున్న చప్పుడు వారికి వినిపించలేదట.

నాలుగో వీధి నిలబడింది. ఆ వీధిలో వంతు ఎవరూ అడగలేదు కాబట్టి వాళ్ల రాళ్లు వాళ్ల కప్పుల మీదే ఉన్నాయి. ఊరంతా అక్కడే దూరింది. పోలారావు కూతుర్ని ఎత్తుకుని వెతుక్కుంటూ వెళ్తే సూరమ్మ అప్పన్న ఇంట్లో, పొయ్యి పక్కన, అప్పన్న భార్య బుచ్చమ్మ ఇచ్చిన గోనె కప్పుకుని కూర్చుని ఉంది. ఆవిడ పిల్లని ఏమీ అడగలేదు. తడిమి చూసింది. పిల్ల చేతిలో ఇంకా తాడు కొస ఉంది. ఆ తాడు కూడా తడిమి చూసింది.

"గెడ్డ ఎలగ దాటినారు?"

"దీన్ని పట్టుకుని," అంది కృష్ణవేణి.

సూరమ్మ ఆ తాడు కొస చెంపకి ఆనించుకుని చాలాసేపు అలాగే కూర్చుంది. "ఇలగొకటి ఆ దినం ఎవులి సేతిలోనైనా ఉంటే," అని ఆగిపోయింది. ఎవరి సంగతో ఆ ఇంట్లో ఎవరూ అడగలేదు. పోలారావుకి అడగనక్కర్లేకపోయింది.

ఆ పూట ఎవరు ఏ వీధివాళ్లో ఎవరూ అడగలేదు. బుచ్చమ్మ కాచిన గంజి అందరూ తాగారు. వాన వెలిశాక అడిగారు. బయటికి వచ్చి, స్నానాలు చేసి, ఎవరి వీధికి వాళ్లు వెళ్లిపోయారు.

కమిటీ సమావేశానికి అప్పన్న మళ్లీ మూడు వీధుల్లో చాటాడు. కళ్లంలో కూర్చోవడానికి పడిపోయిన కొబ్బరిచెట్లు కావలసినన్ని ఉన్నాయి. జగదీశ్వరరావుగారు లేచారు. నడిమూరు వెళ్లి బండిని స్వయంగా చూసి వచ్చారట. 

"మహాజనులారా, ఇంత బీభత్సంలోనూ మా అమ్మగారి బండి ఒక్క అంగుళం కదల్లేదు. బడి పోయింది. ఇళ్లు పోయాయి. తోటలు పోయాయి. బండికి గీత పడలేదు. మన బందోబస్తు ఎంత గొప్పదో లోకానికి చాటడానికి ఇంతకంటే ఏం కావాలి?"

కప్పులు పోయినవాళ్లందరూ చప్పట్లు కొట్టారు. పొగిడినప్పుడు కొట్టకపోతే బాగుండదు. తరవాత అధ్యక్షులవారి ముఖం గంభీరమయింది. లెక్క చూస్తే తాడు ఒకటి తక్కువైందనీ, కమిటీ ఆస్తిని విపత్తు వేళలో కదిలించిన ద్రోహి ఎవరో సభకి తెలియాలనీ అన్నారు. సన్యాసయ్య నేల చూశాడు. పంతులు ఆకాశం చూశారు. పోలారావు తాడు చుట్ట భుజాన వేసుకుని లేచాడు. ఏదో చెప్పబోయాడు. అలవాటు లేక మాట రాలేదు.

వెనక నుంచి సూరమ్మ లేచింది. ఆడవాళ్లు కళ్లంలో మాట్లాడే ఆచారం లేదు. ఆవిడని ఆపే ఆచారం కూడా ఎవరికీ లేదు.

"బావూ, నానొకటడుగుతాను," అంది. "గాలివానొచ్చినపుడు బండి గుంటల్ని దాటించినాదా, గుంటలు బండిని కట్టినారా?"

సూరమ్మ సభంతా ఒకసారి కలయజూసింది.

"నా గుంట బండితో ఎల్తేనే సదువన్నాను. నా నోటితోనే అన్నాను. ఇపుడు నా నోటితోనే సెప్తన్నాను. బండి ఎల్లనీ, మాననీ. ఈ తాడు ఎల్తే నా గుంట ఎల్తాది. రేపు బడి కూలిన గోడల్లో పెట్టినా సరే, సెట్టుకింద పెట్టినా సరే, తాడట్టుకుని గెడ్డ దాటి ఎల్తాది. తాడు ఎల్లనినాడు ఎల్లదు."

పోలారావు తల్లి వైపు చూశాడు. అతని గుండెల మీదనుంచి ఊరి రాళ్లన్నీ ఒక్కసారిగా దింపినట్టయింది. పక్కనే కృష్ణవేణి వచ్చి తాడు పట్టుకుంది. ఆ వెనక పిల్లలు ఒక్కొక్కరే వచ్చి పట్టుకున్నారు. అధ్యక్షులవారి తమ్ముడి కొడుకు కూడా పట్టుకున్నాడు.

జగదీశ్వరరావుగారు ఆ దృశ్యం చూశారు. ఎంతైనా పెద్దమనిషి. కళ్లు తుడుచుకున్నారు. ద్రోహి విషయం వదిలేస్తున్నామనీ, పైగా ఈ తాడునే ఇకమీదట ఊరి బడితాడుగా కమిటీ స్వీకరిస్తున్నదనీ, దీనికి తమ తండ్రిగారి పేరు పెట్టడానికి ఒప్పుకుంటున్నామనీ ప్రకటించారు. సభ హర్షించింది. పంతులు లేచి, ఇంత గొప్ప సదుపాయం ఏ తాలూకాలోనూ లేదని అన్నారు. సన్యాసయ్య, తాడుకి ముందు నడిచేవాడికి తలపాగా ఉంటుందా అని అడిగాడు. ఉంటుందన్నారు.

"అయితే ఒక్క మాట," అన్నారు అధ్యక్షులవారు, తాడుని చేత్తో తూచి చూస్తూ. కనుబొమలు ముడిపడ్డాయి. "ఇది మరీ తేలికగా ఉందే. మళ్లీ ఏడాది గాలివానొస్తే ఎగిరిపోదూ? ఆలోచించండి. పసిపిల్లల విషయం."

సభ ఆలోచించింది. నిజమే, తాడు తేలికగానే ఉంది.

"కాబట్టి, మన ఆచారం ప్రకారం, ఇంటికొక రాయి చొప్పున ఈ తాడుకి కట్టించవలసిందిగా ప్రతిపాదిస్తున్నాను. సమ్మతించేవారు చేతులెత్తండి."

ఒక్కొక్క చెయ్యే లేచింది. వియ్యంకుల చేతులు రెండూ కలిసి లేచాయి. పంతులుది లేచింది, సన్యాసయ్యది లేచింది. కళ్లం అవతల, మట్టి దిబ్బ మీద డప్పుతో నిలబడిన అప్పన్నని ఎవరూ అడగలేదు. సూరమ్మ కొడుకు వైపు చూస్తోంది. కృష్ణవేణి కూడా తండ్రి వైపే చూస్తోంది.

పోలారావు ఎడమచేతిలో తాడుంది. కుడిచెయ్యి ఖాళీగా ఉంది. అతను తాడు వైపు చూశాడు, కూతురి వైపు చూశాడు, చుట్టూ లేచిన చేతుల వైపు చూశాడు. చెప్పవలసిన మాట నోటిదాకా వచ్చింది కూడా. కానీ ఊరంతా ఎత్తిన తరవాత ఒక్కడే దించుకుని కూర్చుంటే ఏం బాగుంటుంది? కుడిచెయ్యి మెల్లగా పైకి లేచింది.

ఇది చదివి అతన్ని తిట్టుకునేవారు ఉంటారు. తిట్టుకోవచ్చు. తిట్టుకునే ముందు, కిందటిసారి సభలో మీ చెయ్యి ఎక్కడుందో ఒకసారి గుర్తుతెచ్చుకోండి.